మొదటి ఏడాది రెడ్‌షర్ట్: ఒప్పుకోవాలా, వద్దా?

#1 కృష్ణాతీరం (రాలీ, నార్త్ కరోలినా)

సభ్యులందరికీ నమస్కారం. మా మేనల్లుడు ఈ వేసవిలో ఒక డివిజన్ 1 (అమెరికా కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కాలేజీలో బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద చేరాడు. ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలు ఉన్నా బరువు 180 పౌండ్లు దాటదు. వేసవి శిక్షణ, సెప్టెంబరు ప్రాక్టీసులు చూశాక కోచ్ వాణ్ణి తన గదికి పిలిచి, ఈ సీజన్‌లో మ్యాచ్‌లేవీ ఆడకుండా రెడ్‌షర్ట్ తీసుకుంటే మేలని చెప్పారట. బలవంతమేమీ లేదని, ఆడతానంటే ఆడిస్తానని, అయితే ఆ స్థానంలో అనుభవమున్న ముగ్గురు ముందే ఉన్నారు కాబట్టి మ్యాచ్‌కు నాలుగైదు నిమిషాలకు మించి దొరకవని కూడా దాచకుండా చెప్పారు.

మా బావగారికి ఇది తలవంపుగా తోచింది. హైస్కూల్లో జట్టు భారమంతా మోసిన పిల్లవాణ్ణి ఏడాది పాటు కూర్చోబెడతామంటే వాడి మీద నమ్మకం లేనట్టే కదా అని ఆయన అంటున్నారు. మా అక్క ధ్యాసంతా చదువు మీదే ఉంది. పిల్లవాడు రెడ్‌షర్ట్ వైపే మొగ్గుతున్నాడు కానీ తండ్రి మనసు కష్టపెట్టి ఆ పని చేయడం వాడికి ఇష్టం లేదు. నవంబరు మొదటి వారంలో తొలి మ్యాచ్ ఉంది, ఆలోపు ఏదో ఒకటి తేలాలి. కాలేజీ ఆటను దగ్గరగా గమనించేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక, ఓదార్పు మాటలు కాకుండా మీకు నిజమని తోచింది చెప్పమని కోరుతున్నాను.

#2 రూల్‌బుక్ (కొలంబస్, ఒహాయో)

కృష్ణాతీరం గారూ, ముందు నిబంధనలు చెప్పుకుంటే తర్వాతి చర్చ తేలికవుతుంది. డివిజన్ 1లో పూర్తికాల విద్యార్థిగా చేరిన నాటి నుంచి ఐదేళ్ల గడువు మొదలవుతుంది. ఆ ఐదేళ్లలో నాలుగు సీజన్లు పోటీల్లో ఆడవచ్చు. రెడ్‌షర్ట్ తీసుకోవడమంటే ఆ ఐదేళ్లలో ఒకదాన్ని పోటీ లేకుండా గడపడమే తప్ప దానివల్ల గడువు పెరగదు. స్కాలర్‌షిప్, వసతి, భోజనం, ప్రాక్టీసు, జిమ్, ఫిజియో, ట్యూటర్లు అన్నీ మిగతావాళ్లతో సమానంగానే అందుతాయి.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2018 నుంచి నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా సీజన్ ఖర్చయినట్టు లెక్కించరు. బాస్కెట్‌బాల్‌లో కూడా అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు కానీ ఆ వెసులుబాటు ఇక్కడ లేదు. గెలుపు ఖాయమైన మ్యాచ్‌లో ఆఖరి పది సెకన్లు కోర్టులోకి దిగినా ఒక సీజన్ వాడుకున్నట్టే. గాయపడినవాళ్లకు మాత్రం వేరే దారి ఉంది. సీజన్ మొదటి సగంలో, మొత్తం మ్యాచ్‌లలో 30 శాతానికి మించి ఆడకముందే గాయమై ఆ ఏడాదికి ఆట ముగిసిపోతే, ఆ సీజన్‌ను తిరిగి ఇవ్వమని అర్జీ పెట్టుకోవచ్చు.

మరో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇష్టపూర్వకమైన రెడ్‌షర్ట్‌కు ముందుగా నింపి ఇవ్వాల్సిన దరఖాస్తు ఏదీ లేదు. ఏడాదంతా ఆడకపోతే అదే రెడ్‌షర్ట్ అవుతుంది. అంటే జనవరిలో ఇద్దరికి కాళ్లు బెణికి, కోచ్ పిలిచి కోర్టులోకి దింపితే అప్పటిదాకా కాపాడుకున్నదంతా ఆ క్షణంలోనే పోతుంది. అందువల్ల కోచ్‌కూ ఆటగాడికీ మధ్య ఉన్న మాటే దీనికి ఆధారం.

#3 మెయిన్‌లైన్ (ఫిలడెల్ఫియా శివార్లు)

ఇక్కడి విలనోవా విశ్వవిద్యాలయ జట్టును చాలా ఏళ్లుగా చూస్తున్నవాణ్ణి కాబట్టి మీ బావగారికి మికాల్ బ్రిడ్జెస్ సంగతి చెప్పమంటాను. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న గ్రేట్ వ్యాలీ హైస్కూల్ నుంచి 2014లో వచ్చిన కుర్రాడతను, పొడవైన చేతులతో బక్కపలచగా ఉండేవాడు. ఆ ఏడాది జట్టులో అదే రకం ఆటగాళ్లు డారన్ హిలియర్డ్, జోష్ హార్ట్ లాంటివాళ్లు ముందే కుదురుకుని ఉన్నారు. 33 మ్యాచ్‌లు గెలిచి మూడే ఓడిన జట్టది, అలాంటి జట్టులో కొత్త కుర్రాడికి చోటెక్కడిది? 2014-15 సీజన్ అంతా అతడు రెడ్‌షర్ట్‌గా ఉండి, రోజూ ప్రాక్టీసులో ఆ పెద్దవాళ్లకు ఎదురు నిలిచాడు.

మరుసటి ఏడాది బెంచీ మీద నుంచి దిగే ఆటగాడిగా జట్టుకు ఉపయోగపడ్డాడు, నార్త్ కరోలినాను ఆఖరి క్షణంలో 77-74 తేడాతో ఓడించి విలనోవా ఛాంపియన్ అయింది. 2017-18లో మ్యాచ్‌కు సగటున 17.7 పాయింట్లు చేశాడు, జట్టు మళ్లీ ఛాంపియన్ అయింది, అతడు ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) పదో స్థానంలో ఎంపికయ్యాడు. 2022లో ఎన్‌బీఏ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. అప్పటి విలనోవా కోచ్ జే రైట్ లాంటివాడు ఒకణ్ణి ఏడాది ఆపాడంటే అది నమ్మకం లేక కాదు. పనికిరాడనుకున్నవాడి మీద ఏ కోచ్ కూడా ఐదేళ్ల స్కాలర్‌షిప్ డబ్బు పెట్టడు.

#4 నిక్కచ్చి (హ్యూస్టన్, టెక్సస్)

మెయిన్‌లైన్ గారు చెప్పిన ప్రతి మాటా నిజమే, కానీ ఆ ఉదాహరణ నుంచి ఆయన తీసిన తాత్పర్యాన్ని నేను ఒప్పుకోలేను. బ్రిడ్జెస్ 2014లో చేరి 2018లో వెళ్లిపోయాడు, అంటే కాలేజీలో ఉన్నది నాలుగేళ్లే. రెడ్‌షర్ట్ వల్ల మిగిలిన ఐదో ఏడాదిని అతడు వాడుకోనే లేదు. వర్జీనియా విశ్వవిద్యాలయానికి ఆడిన డిఆండ్రే హంటర్ కూడా అంతే, 2016-17లో రెడ్‌షర్ట్‌గా ఉండి రెండు సీజన్లు ఆడి 2019లో ఎన్‌బీఏకు వెళ్లాడు. దాచుకున్న సొమ్మును ఖర్చే పెట్టనివాళ్ల కథలు చూపించి దాచుకోవడం వల్లే వాళ్లు బాగుపడ్డారని ఎలా అంటాం?

పైగా ఆనాటి పరిస్థితులు ఇప్పుడు లేవు. 2021కి ముందు కాలేజీ మారిన బాస్కెట్‌బాల్ ఆటగాడు సాధారణంగా ఒక ఏడాది ఖాళీగా ఉండాల్సి వచ్చేది, కనుక కోచ్‌లు కొత్త పిల్లలను ఓపికగా పెంచుకునేవాళ్లు. 2021లో ఒకసారి మారడానికి ఆ నిరీక్షణ తీసేశారు, 2024లో చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చన్నారు. ఇప్పుడు కోచ్‌కు ఏ స్థానంలో లోటున్నా ఏప్రిల్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లుండే జాబితా) తెరిచి, వేరే చోట మూడేళ్లు ఆడి 22 ఏళ్లకు కండపట్టినవాణ్ణి తెచ్చుకుంటాడు. మీ మేనల్లుడు ఏడాదంతా బరువులెత్తి, తన వంతు వచ్చిందని చూసుకునేసరికి ఆ స్థానంలో అలాంటివాడు నిలబడి ఉంటే ఎవరిని అడగాలి?

మాట ఇచ్చిన కోచ్ అక్కడే ఉంటాడన్న భరోసా కూడా లేదు. జే రైట్ 2022 ఏప్రిల్‌లో రిటైరయ్యారు. వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ 2024 అక్టోబరులో, సీజన్ ఇంకా మొదలవకముందే, కొద్ది వారాల వ్యవధిలో తప్పుకున్నారు. అంతటి మాట నిలకడ ఉన్నవాళ్ల విషయంలోనే అలా జరిగింది. మీ బావగారి భయాన్ని పరువు పట్టింపుగా కొట్టిపారేయకండి.

#5 వాహూ (రిచ్‌మండ్, వర్జీనియా)

నేను వర్జీనియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాను, హంటర్ పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నిక్కచ్చి గారి లెక్కలో తప్పు లేదు, హంటర్ తన ఐదో ఏడాదిని వాడుకోలేదు. అయినా ఆ మొదటి ఏడాది వృథా కాలేదనడానికి అతడి డిఫెన్సే నిదర్శనం. బెనెట్ నేర్పే ప్యాక్‌లైన్ పద్ధతిలో ప్రతి ఆటగాడూ బంతి ఎక్కడుంటే దాన్నిబట్టి లోపలికి జరగాలి, పాస్ గాలిలో ఉండగానే మళ్లీ తనవాడి మీదికి వెళ్లాలి. ఒక్కడు అర అడుగు ఆలస్యమైనా అయిదుగురి పనీ చెడుతుంది. అది కాళ్లకు అలవాటయ్యేదాకా బెనెట్ కొత్తవాళ్లను ఎక్కువగా ఆడించేవారు కాదు. హంటర్‌తో పాటు జే హఫ్ కూడా 2016-17లో రెడ్‌షర్టే. అంతకు ముందు ఏడాది మమాది డియాకిటే.

2018 జాతీయ టోర్నమెంటులో వర్జీనియా మొదటి సీడ్‌గా ఉండి 16వ సీడ్ యూఎంబీసీ చేతిలో 74-54తో ఓడిపోయిన రాత్రి హంటర్ మణికట్టు గాయంతో ఆడలేదు. మరుసటి ఏడాది పర్డ్యూ మీద ఆఖరి క్షణంలో బంతి వేసి మ్యాచ్‌ను ఓవర్‌టైమ్‌కు తీసుకెళ్లినవాడు డియాకిటే. ఫైనల్లో టెక్సస్ టెక్ మీద హంటర్ 27 పాయింట్లు చేశాడు, పదమూడు సెకన్లు కూడా లేని సమయంలో స్కోరు సమం చేసిన మూడు పాయింట్ల షాట్ అతడిదే. అంతకన్నా నాకు గుర్తుండేది ప్రత్యర్థి జట్టులోని మేటి ఆటగాడు జారెట్ కల్వర్ ఆ రోజు 22 షాట్లు వేసి అయిదు మాత్రమే పడేయగలిగాడన్నది. అతడిని ఎక్కువసేపు కాచింది హంటరే. మొదటి ఏడాది మ్యాచ్‌కు నాలుగు నిమిషాలు ఆడి ఉంటే ఆ కాళ్లు వచ్చేవి కావని నేను అనను. కానీ అంతగా తప్పులు చేస్తూ నేర్చుకునే తీరిక మాత్రం ఉండేది కాదు.

#6 స్కౌట్ టీమ్ (ఎడిసన్, న్యూజెర్సీ)

నేను కాలేజీలో మహిళల జట్టుకు ఆడాను, మోకాలి గాయం తర్వాత ఒక సీజన్ రెడ్‌షర్ట్‌గా గడిపాను. గాయం నయమయ్యాక ఆ ఏడాది చివరి నెలలు ప్రాక్టీసుకు దిగాను కనుక రోజు ఎలా గడుస్తుందో చెప్పగలను, ఎందుకంటే ఇంట్లోవాళ్లు ఊహించుకునేది బెంచీ మీద ఊరికే కూర్చున్న పిల్లవాణ్ణి.

రెడ్‌షర్ట్ ఆటగాళ్లు ఉండేది స్కౌట్ జట్టులో. వచ్చే ప్రత్యర్థి ఎవరైతే వాళ్లలా ఆడి చూపించడమే ఆ జట్టు పని. మంగళవారం ప్రాక్టీసుకు వెళ్లేసరికి అసిస్టెంట్ కోచ్ చేతికి ఒక కాగితం ఇస్తారు, అందులో ప్రత్యర్థులు ఆడే ఎత్తులు అయిదారు గీసి ఉంటాయి. ఈ రోజు నువ్వు ఫలానా గార్డువి, స్క్రీన్ (తోటి ఆటగత్తె అడ్డుగా నిలబడడం) మీదుగా ఎప్పుడూ ఎడమకే వెళ్తుంది, రెండు డ్రిబుల్స్ వేసి ఆగి షాట్ వేస్తుంది, అలాగే చేయాలి అని చెబుతారు. ఒకే ఎత్తును వరసగా పదిసార్లు ఆడిస్తారు, మన జట్టు మొదటి అయిదుగురు దాన్ని ఆపడం నేర్చుకునేదాకా. వాళ్లు మనల్ని ఆపగలిగితేనే ఆ పూట పని జరిగినట్టు. రెండు రోజుల తర్వాత మరో జట్టు వస్తుంది, మరో ఆటగత్తెలా మారాలి. నెలల తరబడి అలా పదిమంది ఆటను ఒంట్లోకి తెచ్చుకున్నాక, బంతి రాకముందే ఎదుటివాళ్లు ఎటు కదులుతారో కళ్లకు తెలిసిపోతుంది. ఇది వీడియో చూస్తే వచ్చే తెలివి కాదు.

వాహూ గారు తీరిక అన్నారు, దానికి ఇంకో కోణం ఉంది. మ్యాచ్ ఉన్న రోజు ఆడేవాళ్ల కాళ్లు అలసిపోకూడదు కనుక వాళ్లతో బరువులెత్తించరు. మర్నాడు విశ్రాంతి, ఆ మర్నాడు ప్రయాణం. వారానికి రెండు మ్యాచ్‌లుంటే కండ పెంచే వ్యాయామానికి చోటే ఉండదు, ఉన్న బలాన్ని నిలుపుకుంటే గొప్ప. రెడ్‌షర్ట్‌కు ఆ అడ్డు లేదు, మ్యాచ్ రోజు ఉదయమే అసలైన స్క్వాట్లు, డెడ్‌లిఫ్టులు చేయిస్తారు. 180 పౌండ్ల కుర్రాడు మ్యాచ్‌కు నాలుగు నిమిషాలు ఆడినా ఆ నాలుగు నిమిషాల కోసం ఈ అవకాశమంతా వదులుకోవాల్సిందే. నిక్కచ్చి గారూ, ఐదో ఏడాదిని వాడుకోనివాళ్లకు రెడ్‌షర్ట్ ఏమిచ్చిందని మీరు అడిగినదానికి నా జవాబు ఇదే.

కష్టం లేదని అనను. అందరూ తలుపు దాటి కోర్టులోకి పరుగెత్తే ముందు పేర్లు పిలుస్తారు, మన పేరు ఉండదు. ఓడిన రాత్రి బస్సులో ఎవరూ మాట్లాడరు, మనకు బాధపడే హక్కు కూడా లేదేమో అనిపిస్తుంది. ఆ పిల్లవాడికి ఇది ముందే చెప్పండి.

#7 రూల్‌బుక్ (కొలంబస్, ఒహాయో)

స్కౌట్ టీమ్ గారి మాటలకు ధన్యవాదాలు. నిక్కచ్చి గారి వాదనకు బలం చేకూర్చే ఒక నిబంధనను కూడా ఇక్కడ పెట్టడం న్యాయం. ఐదేళ్లలో నాలుగు సీజన్లన్నప్పుడు చేతిలో అదనంగా ఉండేది ఒక్క ఏడాదే. ఇష్టపూర్వకంగా మొదటి ఏడాదే దాన్ని వాడేస్తే, మూడో ఏట మోకాలి లిగమెంటు తెగితే ఏమవుతుంది? గాయం కింద ఆ సీజన్‌ను తిరిగి ఇచ్చినా దాన్ని ఆడుకోవడానికి ఐదేళ్ల గడువు మిగలదు. గడువును ఆరో ఏటికి పొడిగించాలంటే సాధారణంగా తన చేతిలో లేని కారణాల వల్ల రెండు సీజన్లు పోయాయని చూపించాలి, తనకు తానుగా తీసుకున్న రెడ్‌షర్ట్ మామూలుగా ఆ లెక్కలోకి రాదు. కాబట్టి రెడ్‌షర్ట్ తీసుకోవడం ముందుముందు గాయాలు కావన్న ఆశ మీద కూడా ఆధారపడి ఉంటుంది.

విలనోవాలోనే దాంటే డివిన్‌చెంజో 2015-16లో కొద్ది మ్యాచ్‌లాడి పాదం ఎముక విరగ్గొట్టుకుని గాయం రెడ్‌షర్ట్ పొందాడు. 2018 ఫైనల్లో బెంచీ మీద నుంచి వచ్చి 31 పాయింట్లు చేసినవాడు అతడే. మొదట ఇష్టపూర్వక రెడ్‌షర్ట్ వాడేసుకుని ఆ తర్వాత గాయపడి ఉంటే ఆ వెసులుబాటు ఇంతలా ఉపయోగపడేది కాదు.

#8 ఇద్దరు పిల్లల అమ్మ (ఫ్రిస్కో, టెక్సస్)

మీ అక్కగారి ధ్యాస చదువు మీద ఉందన్నారు కాబట్టి మాల్కమ్ బ్రాగ్డన్ గురించి ఆమెకు చెప్పండి. వర్జీనియాలో మొదటి సీజన్ చివర్లో పాదం గాయమై 2012-13 మొత్తం ఆడలేకపోయాడు. దానివల్ల కాలేజీలో ఐదేళ్లున్నాడు, ఆ ఐదేళ్లలో డిగ్రీతో పాటు పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ కూడా పూర్తిచేశాడు. 2016లో డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో 36వ వాడిగా ఎంపికై, తన మొదటి సీజన్‌కే ఎన్‌బీఏ ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు తెచ్చుకున్నాడు. అది గాయం వల్ల వచ్చిన ఏడాదే కానీ, ఐదో ఏడాది చేతిలో ఉంటే చదువులో ఏమి సాధించవచ్చో దాన్నిబట్టి తెలుస్తుంది. మొదటి ఏడాది ప్రయాణాల బాధ తక్కువగా ఉంటే కఠినమైన కోర్సులు అప్పుడే తీసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. స్కాలర్‌షిప్ ఎన్నేళ్లకు రాసిచ్చారో కాగితం తీసి చూడండి. ఏటేటా కొత్తగా ఇచ్చేవి ఉంటాయి, కొన్నేళ్లకు కలిపి ఇచ్చేవీ ఉంటాయి. రెడ్‌షర్ట్ తీసుకోమని అడుగుతున్నవాళ్లు ఐదో ఏటి ఖర్చు భరిస్తామని రాతపూర్వకంగా చెప్పగలరా అని అడగడంలో మర్యాద తప్పిపోయేదేమీ లేదు.

#9 వాబాష్ ఒడ్డు (లాఫాయెట్, ఇండియానా)

పోర్టల్ వచ్చాక రెడ్‌షర్ట్‌కు అర్థం లేదన్న మాటకు పర్డ్యూ నుంచి జవాబు చెప్పాలి. ట్రే కౌఫ్‌మన్-రెన్ 2021లో మంచి పేరుతో వచ్చాడు. అప్పుడు పర్డ్యూలో 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ, ట్రెవియన్ విలియమ్స్ ఉన్నారు. కోచ్ మాట్ పెయింటర్ దగ్గర కౌఫ్‌మన్-రెన్ ఆ సీజన్ రెడ్‌షర్ట్‌గా ఉండి, దేశంలోనే అతి కష్టమైన ఇద్దరు పెద్దవాళ్లను రోజూ ప్రాక్టీసులో కాచాడు. 2024లో ఫైనల్ దాకా వెళ్లిన జట్టులో మొదటి అయిదుగురిలో ఒకడు. ఈడీ వెళ్లిపోయాక 2024-25లో మ్యాచ్‌కు సగటున 20 పాయింట్లు చేశాడు. నిక్కచ్చి గారు అడిగిన ఐదో ఏడాదినీ అతడు వాడుకున్నాడు. విస్కాన్సిన్‌లో ఈథన్ హాప్ కూడా అంతే, 2014-15లో ఫ్రాంక్ కమిన్స్కీకి ఎదురుగా ప్రాక్టీసు చేస్తూ రెడ్‌షర్ట్‌గా గడిపి, ఆ తర్వాత నాలుగు సీజన్లూ ఆడి ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో అత్యధిక రీబౌండ్లు తీసినవాడయ్యాడు.

ఎన్‌బీఏకు మూడేళ్లలో వెళ్లిపోయేవాళ్లను పక్కన పెట్టి, మంచి కాలేజీ ఆటగాళ్లయిన ఇలాంటివాళ్లను చూడాలి. వాళ్లు ఇచ్చింది 18 ఏళ్ల వయసులో నాలుగు నిమిషాలు ఆడే సీజన్, పుచ్చుకున్నది 22 ఏళ్ల వయసులో ముప్పై నిమిషాలు ఆడే సీజన్. 2025 జులై నుంచి కాలేజీలు నేరుగా ఆటగాళ్లకు ఆదాయంలో వాటా ఇస్తున్నాయి కనుక ఆ ఆఖరి సీజన్‌కు డబ్బు విలువ కూడా ఉంది. మొదటి ఏటి నాలుగు నిమిషాలకు ఎవరూ పెద్దగా ఇవ్వరు.

మా పర్డ్యూ కథకు రెండో పక్క కూడా చెప్పాలి. కామ్డెన్ హైడీ 2022-23లో రెడ్‌షర్ట్‌గా ఉన్నాడు, 2024 ఫైనల్లో యూకాన్ మీద అతడు వేసిన పుట్‌బ్యాక్ డంక్ (తప్పిన షాట్‌ను గాలిలోనే అందుకుని రింగులోకి దించడం) ఇక్కడ ఎవరూ మరిచిపోరు. 2025లో టెక్సస్‌కు మారిపోయాడు. పెంచింది ఒకరు, ఫలం మరొకరికి. కానీ ఆటగాడి వైపు నుంచి చూస్తే ఆ ఏడాది సంపాదించిన బలం అతడి వెంటే వెళ్లింది కదా. కోచ్ మారినా, కాలేజీ మారినా పోనిది అదొక్కటే.

#10 ఓరుగల్లు పీఈటీ (హనుమకొండ)

నేను ఇక్కడ కాలేజీ పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాను. మా దగ్గర మొదటి ఏడాది యూనివర్సిటీ జట్టుకు ఎంపిక కానివాడు సెలెక్షన్ ట్రయల్స్ ముగిసిన సాయంత్రమే సంచీ సర్దుకుని ఇంటికి వెళ్తాడు. మళ్లీ ట్రయల్స్ దాకా వాణ్ణి పట్టించుకునే కోచ్ ఉండడు, బరువులెత్తించేవాడు ఉండడు, తిండి లెక్క చూసేవాడు అసలే ఉండడు. ఎత్తున్న పిల్లలు అలా చేజారిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఆడని ఏడాది కూడా జట్టులోనే ఉంచుకుని రోజూ పని చేయించే పద్ధతి గురించి చదువుతుంటే నాకు ఎంతో ముచ్చటగా ఉంది. బావగారికి ఈ దూరం నుంచి చూసే మనిషి మాటగా ఇది చేరవేయండి.

#11 పాలూస్ (స్పోకేన్, వాషింగ్టన్)

మొదటి ఏడాదే తేల్చుకోవాలన్న తొందర అక్కర్లేదని చెప్పడానికి రాస్తున్నాను. గొంజాగాలో కెల్లీ ఒలినిక్ రెండు సీజన్లు మామూలుగా ఆడి, ఆ తర్వాత 2011-12లో రెడ్‌షర్ట్ తీసుకున్నాడు. తిరిగి వచ్చిన సీజన్‌లో మ్యాచ్‌కు 17.8 పాయింట్లు చేసి ఆల్ అమెరికన్ (దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ల జాబితా) మొదటి జట్టులోకి ఎక్కాడు, గొంజాగా మొదటిసారి దేశంలో నంబర్ వన్ అయింది. తనకు ఏమి లోపించిందో రెండేళ్లు కోర్టులో తెలుసుకున్నాక తీసుకున్న ఏడాది అది. మీ మేనల్లుడికి ఆడాలన్న తహతహ బలంగా ఉంటే, ఇప్పుడు ఆడి చూసి రెండో ఏట కూడా తీసుకోవచ్చు. అయితే అప్పటికి ఒక సీజన్ ఖర్చయి ఉంటుంది, మిగిలేవి మూడే.

#12 నిక్కచ్చి (హ్యూస్టన్, టెక్సస్)

వాబాష్ ఒడ్డు గారి కౌఫ్‌మన్-రెన్ ఉదాహరణ బలమైనది, స్కౌట్ టీమ్ గారు చెప్పిన వ్యాయామం సంగతి నేను ఇంతగా ఆలోచించనిది. అయినా ఒక్క అభ్యంతరం మిగిలి ఉంది. ఐదేళ్లలో ఐదు సీజన్లూ ఆడనివ్వాలన్న వాదన ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది, న్యాయస్థానాల్లో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) అర్హత నిబంధనల మీద కేసులు నడుస్తున్నాయి. ఆ వాదన నెగ్గితే ఇప్పుడు రెడ్‌షర్ట్ తీసుకున్నవాడు దాచుకున్నదంటూ ఏదీ ఉండదు, పక్కవాడు ఐదు ఆడితే తను నాలుగు ఆడతాడు. ఐదో ఏడాది కోసమే అయితే వద్దంటాను. ఈ ఏడాది ఒంటికీ ఆటకూ జరిగే పని కోసమే అయితే, ఐదో ఏడాది రేపు లేకపోయినా బాధపడనన్న మాట ఆ పిల్లవాడి నోటి నుంచే వస్తే, నేను అడ్డు చెప్పను.

#13 కృష్ణాతీరం (రాలీ, నార్త్ కరోలినా)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ చర్చ మొత్తం బావగారికి చదివి వినిపించాను. ఓరుగల్లు పీఈటీ గారి మాటల దగ్గర ఆయన ఆపమని, మళ్లీ చదవమన్నారు. అవమానమన్న మాట ఆ తర్వాత ఆయన నోట రాలేదు, కానీ నిక్కచ్చి గారి ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నారు. నిన్న కోచ్‌తో ఫోన్‌లో మాట్లాడినప్పుడు వాటిని ఒక్కొక్కటిగా అడిగారు.

బరువు విషయంలో వసంతకాలం నాటికి 195 పౌండ్లు లక్ష్యమని, దానికి వారం వారం ప్రణాళిక ఉందని కోచ్ చెప్పి, ఆ కాగితం పంపించారు. ఐదో ఏటి స్కాలర్‌షిప్ గురించి రాసిస్తామన్నారు, ఇంకా రాలేదు. వచ్చే ఏప్రిల్‌లో ఆ స్థానానికి పోర్టల్ నుంచి ఎవరినీ తీసుకురానని మాట ఇవ్వలేనని సూటిగా చెప్పారు. ఆ ఒక్క జవాబుతోనే బావగారికి ఆ మనిషి మీద గురి కుదిరింది. నిక్కచ్చి గారు కోరిన మాట కూడా పిల్లవాణ్ణి అడిగాను. ఐదో ఏడాది వస్తే మంచిదే, రాకపోయినా పెద్దవాళ్ల భుజం తగిలితే పడిపోకుండా నిలబడడం ఈ ఏడాదే నేర్చుకోవాలి మామయ్యా అన్నాడు. రెడ్‌షర్ట్ తీసుకుంటున్నాడు.

చివరిగా ఒక్క సందేహం ఉంది రూల్‌బుక్ గారూ. ఫిబ్రవరిలో గాయాల వల్ల జట్టులో మనుషులు తగ్గి, కోచ్ ఆడమంటే వాడు కాదనవచ్చా?

#14 రూల్‌బుక్ (కొలంబస్, ఒహాయో)

ఆడి తీరాలని నిర్బంధించే నిబంధన ఏదీ లేదు, కానీ తోటివాళ్లు అవస్థ పడుతుంటే 18 ఏళ్ల పిల్లవాడు కోచ్ ముఖం మీద కాదనలేడు. అందుకని ఆ సంభాషణ ఇప్పుడే జరగాలి. ఎంతమంది గాయపడితే పిలుస్తారు, ఏ తేదీ దాటాక ఇక పిలవరు, పిలిచే ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవడానికి ఒక రోజు గడువు ఇస్తారా అన్న మూడు విషయాలు కోచ్‌ను అడిగి, ఆయన చెప్పినదాన్ని ఈమెయిల్‌లో తిరిగి రాసి పంపమనండి. తొలి మ్యాచ్‌కు ముందే ఆయన నుంచి జవాబు రావాలి.

#15 స్కౌట్ టీమ్ (ఎడిసన్, న్యూజెర్సీ)

ఇంకొక్క మాట కృష్ణాతీరం గారూ. సొంత కోర్టులో జరిగే మ్యాచ్‌లకు వీలున్నప్పుడల్లా మీలో ఎవరో ఒకరు వెళ్లండి, వాడు ఆడకపోయినా సరే. మ్యాచ్‌కు గంటన్నర ముందు రెడ్‌షర్ట్ ఆటగాళ్లు కోర్టులో షాట్లు వేస్తుంటారు, ఆ వేళకు తలుపులు తెరుస్తారేమో కనుక్కుని వెళ్తే వాడి ఆట కూడా చూడవచ్చు.